పైకప్పు మీద మగ్గం

మగ్గాల హోరు నా ఎడమచెవిని
పింఛను రాకముందే పట్టుకుపోయింది.
మిగిలిన కుడిచెవిని దిండుకి అదిమి పడుకుంటాను.
తెల్లవారుజాము మూడు నలభైకి
పై అంతస్తులో తలుపు మూసుకుంటుంది.
ఆ వెంటనే ఏడుపు.

మొరుగుడు కాదు. మొరిగితే తిట్టుకుని ఊరుకునేదాన్ని.
తెగని నూలు సాగదీసినట్టు
సన్నగా, పొడుగ్గా, ముడి లేకుండా
ఏడున్నర దాకా.

పడవ అని పేరు పెట్టుకుని
నదుల్ని నేల కింద దాచేసుకున్న ఊరు మాది, వూచ్.
ఇక్కడ ఎవరి గోల వాళ్ళు కప్పెట్టుకుంటారు.
ఆ కుక్కకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

చీటీ రాశాను. చింపాను. మళ్ళీ రాశాను.
ఆదివారం బొగుమివా దిగి వచ్చింది,
ట్రామ్ నడిపేవాళ్ళ నీలం కోటులోనే,
చేతిలో ఎర్ర రబ్బరు బొమ్మ:
ఒకదాని మీద ఒకటి మూడు గుండ్రాలు, లోపలంతా బోలు.
"ఇందులో తిండి కూరి ఇస్తే
నాకుతూ నాకుతూ నన్ను మరిచిపోతుందట."
ఉడికించిన కాషా, కాస్త జున్ను, క్యారెట్ తురుము.
జనవరి కనక ఫ్రిజ్‌తో పని లేదు,
రాత్రి బాల్కనీలో పెడితే పొద్దుటికి రాయి.

మరిచిపోలేదు.
మర్నాడూ అదే నూలు, అదే పొడుగు.
బొమ్మ గుమ్మం దగ్గరే కరిగి మడుగు కట్టిందట.
ఆవిడ తిరిగొచ్చాకే తిన్నదట,
ఆవిడ పాదం మీద ఒక కాలు వేసి పెట్టుకుని.
"ఆకలి లేక కాదు," అంది మెట్ల మీద,
"గొంతు దాకా భయముంటే ముద్దెలా దిగుతుంది?"
నేనేమీ అనలేదు.
అలోయ్జీని పూడ్చి వచ్చిన సాయంత్రం
నా ముందు మీగడ కట్టిన సూప్ గుర్తొచ్చింది.

ఆ రాత్రి నుంచి మెట్ల మీదే మా కాపురం.
(డ్యూటీ వేళకి కుక్కని అక్క ఇంట్లో దించేది;
ఆ అక్క గొణుగుడు వేరే కథ.)
బొమ్మ ఇచ్చి, కోటు తొడుక్కుని, తాళం తిప్పి,
బూట్లు చేత పట్టుకుని
నా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చునేది.
ఒక నిమిషం. పైకి.
రెండు నిమిషాలు. పైకి.
మళ్ళీ ఒకటే. రెండు ఎక్కువైందట.
గడియారం నేను పట్టుకున్నాను. టీ నేను పెట్టాను.
తొమ్మిదో నిమిషం దగ్గర పదకొండు రోజులు ఆగిపోయాం.
పడుగు చిక్కుపడితే లాగకూడదు,
నాకు తెలిసిన విద్య అదొక్కటే. అదే చెప్పాను.

మార్చిలో ఒక తెల్లవారుజాము
తలుపు మూసుకుంది. నేను దిండు పక్కకి తోశాను.
టప్.
రబ్బరు నేలకి తగిలి, ఎగిరి,
అనుకోని వైపు దొర్లి,
వెనకే గోళ్ళ పరుగు,
టప్.
నాడె విసిరినట్టు ఈ గోడ నుంచి ఆ గోడకి.
ఇరవై రెండు నిమిషాలు.
ఆ తర్వాత నేల మీద ఒళ్ళు వాల్చిన బరువు.
అంతే.

దాని పేరు క్లుస్కా. మా భాషలో పిండిముద్ద.
ఇప్పటికీ ముట్టుకోలేదు, కుక్కలంటే నాకు పడదు.
అంచుకి ఉడికిన లివర్ పూస్తే
ఇంకో ఆరు నిమిషాలు కలిసొస్తాయని మాత్రం విన్నాను.
ఈ శనివారం బజారులో పావుకిలో అడిగితే
మాంసం కొట్టు పిల్ల కాగితం చుడుతూ
"కుక్కుందా, అమ్మమ్మా?" అంది.
"చప్పుడుంది" అన్నాను.