నీళ్ళు పడే ఊరు

విన్నిపెగ్‌లో దిగిన పదకొండో రోజు
మేరాబ్ వంటింటి గోడకి పటం అంటించాడు.
ఎక్కడైనా ఉండొచ్చునన్నాడు అధికారి,
దేశమంతా మా పేర రాసేసినట్టు నవ్వుతూ.
ఆ "ఎక్కడైనా"కి నాకు కళ్ళు తిరిగాయి.
జార్జియాలో, ఖషూరిలో, మేం దేన్నీ ఎంచుకున్నది లేదు.
మావారి తాత తవ్విన మట్టిపొయ్యిలోకే
నడుం దాకా వంగి మావారూ రొట్టెలు అంటించారు.
ఆ పొయ్యి చల్లారబట్టే కదా
ఇంత దూరం వచ్చాం.

మా పిన్నికొడుకు ఫోనులో అద్దెలు చదివాడు.
తెక్లాకి పన్నెండేళ్ళు, దానికి కావలసింది
మంచుమీద జారే మైదానం ఒక్కటే.
మేరాబ్ ఇవేవీ వినిపించుకోలేదు.
నీళ్ళు, అన్నాడు.
నీళ్ళు పడితే ఊరు పడినట్టే.

అరువు కారు. వెనకసీటు నిండా ఖాళీ సోడా సీసాలు.
ఆయన కోటు లోపల, ఛాతీకి ఆనించి,
ఇంటినుంచి తెచ్చిన పులిసిన పిండి.
తెక్లాని కూడా అంత పదిలంగా ఎత్తుకున్నట్టు
నాకు గుర్తు లేదు.

బ్రాండన్‌లో పెట్రోలు బంకు కుళాయి,
యార్క్‌టన్‌లో లైబ్రరీ కుళాయి.
ప్రతి సీసామీదా నా కుట్టుసుద్దతో ఊరి పేరు.
రాత్రిళ్ళు మోటల్ గదిలో, హీటరు పక్కన,
తడిగుడ్డ కప్పుకుని గిన్నెలు.
తెల్లారకుండానే లేచి చెవి పెట్టి వినేవాడు.
యార్క్‌టన్ పిండి నవ్వుతోంది, చూడు.
బ్రాండన్ పిండి అలిగింది.

డాఫిన్ నీళ్ళు ఇనుము వాసన.
పిండి రాయిలా పడుకుంది.
మేరాబ్ కారు ఇంజను కూడా ఆపలేదు.
కోటు గుండీ ఊడిందని నేనే దిగి
మూలనున్న కొట్లోకి వెళ్ళాను.

సూది దొరికింది. దారం దొరికింది.
మూడోది, వేలికి తొడుక్కునేది,
మా భాషలో నాలుక చివరే ఉంది,
వాళ్ళ భాషలో ఎక్కడా లేదు.
బ్రాండన్‌లో ఇలాగే నిలబడితే
కొట్టు పిల్ల రెండు క్షణాలకే కత్తెర చూపించింది, టేపు చూపించింది,
సిగ్గేసి, అక్కర్లేని బొత్తాలు కొనుక్కొచ్చాను.
యార్క్‌టన్‌లో ఒకాయన గొంతు పెంచాడు,
నాకు చెముడనుకుని.

ఇక్కడ ముసలావిడ, పేరు నెట్టీ అని తర్వాత తెలిసింది,
రెండు చేతులూ బల్లమీద ఆనించి
ఊరుకుంది.
రేడియోలో వాతావరణం మొదలై ముగిసింది.
నా వెనక ఎవరో దగ్గారు.
ఆవిడ ఒక్క వేలెత్తింది, ఆ దగ్గు ఆగింది.
వేలికి... అన్నాను. వేలికి టోపీ.
"వేలికి టోపీ," అంది ఆవిడ,
ఎప్పటినుంచో దాని పేరు అదే అయినట్టు.
అప్పుడు తెరిచింది సొరుగు.

కార్లోకి వచ్చి, ఇక్కడే, అన్నాను.
ఈ నీళ్ళతోనా?
నీ పిండికి ఏ భాషైనా ఒకటే మేరాబ్,
నాకు కాదు.
నలభై మైళ్ళు పోట్లాడుకున్నాం.
తెక్లా చెవుల్లో పాటలు పెట్టుకుని కిటికీకి తల ఆనించింది.
తర్వాత ఒక ధాన్యపు గిడ్డంగి దగ్గర
ఏమీ అనకుండా కారు వెనక్కి తిప్పాడు.

నాలుగు చలికాలాలు.
రాత్రి బకెట్లలో పట్టి ఉంచుతాడు, వడగడతాడు, కాచి చల్లారుస్తాడు.
అయినా రొట్టె అడుగున ఒక చేదు, సన్నగా.
మా ఊళ్ళో ఇలా ఉంటే కుక్కలు కూడా ముట్టవంటాడు.
ఇక్కడివాళ్ళు శనివారం పొద్దున్నే వరస కడతారు,
వాళ్ళకి ఆ చేదే రుచి.
యార్క్‌టన్‌లో అయితేనా, అని రోజుకోసారైనా అంటాడు.
అననీ.

మొన్న ఒకావిడ వచ్చింది, కొత్త మనిషి,
కోటు చేతులకి ఇంకా చీటీ ఊడలేదు.
నోరు తెరిచింది, మాట రాలేదు.
మేరాబ్ చెయ్యి రొట్టెకోసం లేచింది.
నేను మణికట్టు పట్టుకున్నాను.
ఫ్రిజ్ గురగురమంటూనే ఉంది. కిటికీ బయట
ఒక లారీ వెళ్ళింది. ఇంకోటి వెళ్ళింది.

ఆవిడకి కావలసింది రొట్టె కాదు, చీపురు.
తన బూట్లనుంచి మా గచ్చుమీద రాలిన మంచు
తనే ఊడ్చేస్తానంటోంది.