అండీ

సిరొంచ దవాఖానల
కట్టు కట్టే సిస్టరు బాయి
నా మొఖం చూసి
"రోజ్ దోన్, అండీ" అన్నది.
నాకు సిగ్గయింది.
ఓసే, ఏయ్, చేపలదానా...
నన్నెవరు పిలిచిన్రు అండీ అని?
రెండంటే గోళీలనుకొని
పొద్దటొకటి మాపటొకటి మింగిచ్చిన.

బానయ్య మడిమెల దిగింది పడవ మేకు.
వానలు పోయి చలి వచ్చింది
పుండు మాత్రం నోరు మూయలే.

మా అత్త చిన్నుబాయి పత్తెం గట్టిది.
పప్పు పెడితే చీమట, గుడ్డు వేడట,
చేప పేరెత్తితేనే దురదట.
గంజి, ఉప్పు,
పండుగనాడు చప్పటి చారు.
నడక రాకముందే ప్రాణహితల మునిగినోడు
నలభై ఆరు దినాలు చేప ముట్టలే.
మరిది పట్టిన బొచ్చెలు
నేను వంతెన దాటిచ్చి అమ్మొచ్చి
వాకిట్లనే సబ్బుతోని చేతులు రుద్దుకునేది,
వాసన ఆయన దాక పోవద్దని.

పుండు తగ్గలే.
మనిషి తగ్గిండు.
లుంగీ రెండు చుట్లు ఎక్కువ తిరుగుతున్నది.

మళ్ల పోతే
సిస్టరు బాయి తన డబ్బా తెరిచి
ఉడికిన గుడ్డు నా అరచేతిల పెట్టింది.
"అండీ!"
ఫక్కున నవ్విన.
వెంటనే నవ్వు ఆగింది.
మా కోడి పెట్టిన ప్రతి గుడ్డు
సంతల అమ్మే కదా
నేను మలాం కొంటున్నది.

కట్లు చుట్టే రాజారాం మనోడే.
"వల చినిగితే ఏం చేస్తవ్ వదినా?"
"అల్లుత."
"ఇంట్ల దారం లేకుంటే?"
"ఇంకో వల విప్పుత."
"గదే చేస్తున్నది ఆయన ఒళ్లు.
తొడలు విప్పి మడిమె అల్లుతున్నది.
దారం పెట్టు."

ఆ రాత్రి అన్నం కింద గుడ్డు దాచిన.
బానయ్య వేలికి తగిలింది.
అమ్మ దిక్కు చూసిండు,
మళ్ల మెతుకులు కప్పిండు,
నా దిక్కు చూసిండు.
మీసాల మీద పచ్చసొన
నా కొంగుతోని తుడిచిన.

పెంకులు పొయ్యి బూడిదల దొరికినయి అత్తకు.
ఏమనలే.
దీపం దగ్గర పెట్టి తనే కట్టు విప్పింది.
పుండు అంచుల
దానిమ్మ గింజలోలె ఎర్రగ, కొత్తగ.
చాన సేపు చూసి
"పప్పు మాత్రం పెట్టకు" అన్నది.
ఆమె ఓడేది గట్లనే.
(పప్పు గూడ పెట్టిన. ఆమెకు చెప్పలే.)

మొన్న సిస్టరు బాయి
పుండు మీద పట్టీ పెట్టి కొలిచింది.
బొటనవేలి గోరంతయింది.
తలూపి, కాగితం మీద ఏదో రాసి,
ఉన్నట్టుండి నా దండచేయి
రెండు వేళ్లతోని చుట్టి చూసింది.
వేళ్లు కలిసినయి.
"తూ పణ" అన్నది.
నువ్వు గూడ, అనట.

నాకేం పుండు లేదమ్మా, అన్న.

ఆమెకు తెలుగు రాదు.
చేయి వదల్లే.