ముల్లు నడిమిట్ల

ఎనుమాముల మార్కెట్ల ముప్పై రెండేండ్లు
కాంటా ముందర నిలవడ్డోన్ని.
మిర్చి ఘాటుకు కండ్లు కారుతున్నా
ముల్లు మీదికెల్లి చూపు తియ్యలే.
నా బొటనవేలు పళ్లెం అంచును ఎన్నడూ ముట్టలేదని
ఒట్టు మాత్రం పెట్టను.

రిటైరైనంక ఒక పిచ్చి పట్టింది:
పాట ఉన్నది ఉన్నట్టు ఇనాలె.

మట్టెవాడ సందుల సర్వర్ దుకాణం.
సోల్డరింగ్ పొగ, చల్లారిన చాయ్,
గోడకు తలకిందులు వేలాడే స్పీకర్లు.
"అంకెలను అలలు చేసే పెట్టె గావాలె" అన్న.
"డ్యాక్ అంటరు చాచా. ఎట్లాంటిది? తీపిదా, ఘాటుదా?"
"ఏ రుచీ లేనిది. నీళ్లసొంటిది."
"మా నల్లా నీళ్లకు సుత రుచుంటది" అని నవ్విండు.

నా జేబుల ఒకటే పాట.
పర్వతగిరి కాడ, ఎండాకాలం రాత్రి,
కొంరెల్లి ఒగ్గు కథ చెప్తుంటే
టేపుల పట్టి, ఆనక కంప్యూటర్ల కెక్కించింది.
ఎనుక తాళం కొట్టింది నేనే.
పన్నెండో నిమిషంల తాళం ఒకసారి తడబడ్తది.
ఇరవయ్యారేండ్ల సంది అందరికీ చెప్తున్న,
టేపు జారిందక్కడ అని.

మొదటిది వెండిరంగుది.
ధర చెప్పేటప్పుడు సర్వర్ గొంతు తగ్గించిండు.
కొంరెల్లిని బెల్లంపాకంల ముంచి తీసినట్టున్నది.
బీడీలకు గీసుకపోయిన ఆ గొంతు
ఎన్నడు ఇంత నున్నగున్నది?
"మస్తుంది గదా!"
మస్తున్నది. మా కొంరెల్లి గాదు.

ఇంకోదాంట్ల డోలు లేచొచ్చి మీద కూసున్నది.

"ఆగు" అన్న. "అన్నీ ఒకే మోతల ఉన్నయా?"
కాంటా మనిషికి ముందు రాళ్లు సరిచూసుడు అలవాటు.
వీసమెత్తు గట్టిగ మోగినా
చెవి దానికే ఓటేస్తది.
సర్వర్ మీటరు తీసి, వోల్టు కొలిచి, సమం చేసి,
పెట్టెల మీద తువ్వాల కప్పి,
ఏది ఏదో చెప్పకుంట తీగెలు మార్చిండు.
సగం తేడాలు ఎండకు మంచు లెక్క పోయినయి.
గంట సేపు నేను మోతకే తల ఊపిన్నన్నమాట.
మిగిలిన పిసరంత తేడాల
నాలుగుసార్లు వేలు చూపిన.
నాలుగుసార్లూ ఒకటే.

తువ్వాల తీస్తే,
రెండు అగ్గిపెట్టెలు కలిపినంత నల్లది,
పేరు సగం చెరిగిపోయింది.

అది ఏం చేస్తదంటే, ఏం చెయ్యది.
కొంరెల్లి దగ్గితే దగ్గు.
పసిపిల్ల ఒకతి ఏడ్చి ఊకున్నది.
దూరంగ బస్సు గేరు మార్చింది.
టేపు బుసను సుత దాచలే.

పన్నెండో నిమిషం.
కుర్చీల ముందుకు జరిగిన.
బుస జారలే, ఒక్క తీరుగ పోతున్నది.
కొంరెల్లి జారలే. డోలు జారలే.
జారింది తాళం.
నా చెయ్యి.

"బాగలేదా చాచా?"
"మళ్లొకసారి పెట్టు."
మళ్లా జారింది.
ఆ రాత్రి నేనెందుకు పక్కకు చూసిన?
కల్లు ముంతకా? ముందు వరుసల ఎవరన్న నవ్విన్రా?
పెట్టెకు అది తెల్వదు. తెల్వంది చెప్పది.

కొంరెల్లి ఉన్నన్నాళ్లు ఒక్కమాట అనలే.
టేపుదే తప్పని నేనంటే
"అవ్‌రా, టేపుదే" అని బీడీ అంటించుకునేటోడు.

"వెండిది తీస్కో చాచా, తగ్గించి ఇస్త" అన్నడు సర్వర్.
పైసలు లెక్కపెట్టి నల్లదాన్ని సంచిల ఏస్కున్న.

పోచమ్మ మైదాన్ దాక నడిచిన.
కాంటా మీద పెట్టకున్నా నాకు తెలుస్తది,
రెండు వందల గ్రాములు దాటదు.
చెయ్యి మాత్రం గుంజుతున్నది.