చెల్లని పావలా

సాగర్ దగ్గరి చిన్న రన్‌వే, పక్కన రేకుల హ్యాంగరు.
పొద్దున ఏడింటికే రేకు సెగ కక్కుతది.
రెండు సీట్ల ట్రైనర్ విమానం, తెల్లటి రెక్క,
దాని మీద చిటికెనవేలి గోరంత సొట్ట.
సొట్ట అనడానికి కూడా లేదు,
వెలుగు అక్కడ కొంచెం తడబడ్డది, అంతే.

"పెయింటు లేసింది మేడమ్, పాలిష్ కొడితే పోతది"
అన్నడు జానయ్య, నా మొఖం చూడకుండ.

అల్యూమినియం దెబ్బ తింటే మొఖం మీదనే చెప్తది.
కార్బన్ గుడ్డ అట్ల కాదు.
పైపొర నవ్వుకుంటనే ఉంటది,
లోపల పొరకూ పొరకూ మాటలు బందై ఉంటయి.

ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన జిల్లా మాది.
పైకి గట్టిగ కనిపించేదాన్ని అంత జల్ది నమ్మం.
మా పెద్దవ్వ ఎముకలు ఎక్స్‌రేల
సున్నం కొట్టిన గోడల లెక్క మెరుస్తుండె;
ఒకనాడు గడప దాటుతుంటే తుంటి విరిగింది.

జేబులకెళ్ళి పావలా తీసిన.
బజార్ల ఎవ్వడూ తీసుకోడు దీన్ని.
రెక్క తీసుకుంటది.

కంప్రెసర్ బంద్ చేయించి,
దూలం మీది పావురాలను కూడ తరిమించి,
చెవి వంచి,
టక్. టక్.
వేలెడు జరిపి మళ్ళ
టక్. టక్.
డొబ్.

పెన్సిల్‌తోని ఒక చుక్క. ఇంకో చుక్క.
చుక్కలన్నీ కలిపితే
గోరంత సొట్ట కింద అరచేయంత గాయం.
జానయ్య ఆ గీత దిక్కే చూసుకుంట నిలబడ్డడు.

మాది పుట్టపాక. గుంటమగ్గం అంచున పాకిన దాన్ని.
పోగు తెగితే నాయిన వేళ్ళకు ఇంత బూడిద అద్దుకొని
రెండు కొసలు మెలేసేటోడు. ముడి ఎయ్యకపోతుండె.
"ముడి కంటికి దొరుకుతది బిడ్డా, అతుకు దొరకొద్దు."
ఇక్కడ బూడిద లేదు, రెజిన్ ఉంది.
తూకం వేసి కలపాలె. అరగంటల గడ్డకడతది.

ముందుగాల చెడ్డ పొరలు గీకాలె, నిదానంగ,
మొదటిది వెడల్పుగ, రెండోది తక్కువ, మూడోది ఇంకింత తక్కువ,
దిగుడుబావి మెట్ల లెక్క.
మాస్కు లోపల చెమట, కనురెప్పల మీద నల్లదుమ్ము.
మెట్టు మెట్టుకూ పోగుల దిక్కు చూసుకోవాలె,
ఇది నిలువు, ఇది అడ్డం, ఇది ఏటవాలు.
దిక్కు తప్పిన అతుకు బరువు మొయ్యదు.
మా ఊర్ల పడుగు ఒక్క పోగు జరిగితే
పువ్వు అంచు చెదురుతది, చీర అమ్ముడువోదు.
ఇక్కడ జరిగితే...
పని చేసేటప్పుడు ఆ మాట పూర్తి చెయ్యం.

కొత్త పొరలు తడిపి పరిచి, ప్లాస్టిక్ సంచి కప్పి గాలి గుంజినం.
దాని మీద వేడి దుప్పటి.
కరెంటు పోతే కథ మొదటికొస్తది;
జనరేటర్ పక్కన జానయ్య, థర్మామీటర్ పక్కన నేను.
కృష్ణ మీదికెళ్ళి గాలి వస్తున్నది, మాకు దాంతోని పనిలేదు.

రాత్రి రెండింటికి చెప్పిండు.
"పానా జారింది మేడమ్. సోమవారం, నిచ్చెన మీదికెళ్ళి.
ఎవ్వరూ చూడలే.
ఎల్లుండి ఒంటరిగ ఎగరబోయే పిల్లగాడు
నన్ను అన్నా అంటడు."

నేనేమనలే. ఫ్లాస్కు విప్పి చాయ్ పోసిన.
మూత జారి కింద పడ్డది.
ఇద్దరం ఆ చప్పుడు విన్నం.

తెల్లారి సంచి విప్పి, దుప్పటి తీసి,
పావలా జానయ్య చేతిల పెట్టిన.
టక్. టక్. వేలెడు జరుపు. టక్.
అంచు దాటి, చుట్టూ తిరిగి, నడిమికొచ్చి, టక్.
"మళ్ళ మొదటికెళ్ళి" అన్న.
మళ్ళ కొట్టిండు. ఈసారి కండ్లు మూసుకొని.

లాగ్‌బుక్కుల కారణం అనే గడి ఉంటది.
'పానా జారిపడుట' అని రాసి, పక్కన తన పేరు రాసిండు,
ఒక అక్షరం ఎక్కింది, ఒకటి దిగింది.
కింద నా సంతకం.

పావలా తిరిగి ఇయ్యలేదు.
నేనూ అడగలే.