రెండు చేతుల మర్యాద

మా దగ్గర ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోకూడదు.
పక్కవాడు పోయాలి.
పెద్దవాడు పోస్తుంటే చిన్నవాడు
రెండు చేతులతో గ్లాసు పట్టుకోవాలి,
మొహం పక్కకు తిప్పుకుని తాగాలి.
అది మర్యాద.
అందుకే, తర్వాత ఎవరైనా అడిగితే
"వాడే తాగాడు" అనడానికి వీల్లేదు.

మార్చి నెల. గాప్యోంగ్‌లో నది పక్కన అద్దె ఇల్లు.
వెచ్చటి నేల మీద ముప్పై నాలుగు జతల మేజోళ్ళు.
గుమ్మంలో బూట్లు ఒకదాని మీద ఒకటి.
సివిల్ ఇంజనీరింగ్ కొత్త బ్యాచ్.
నేను సైన్యంలో గడువు ముగించుకొచ్చిన సీనియర్ని,
సోజు సీసా తిరగేసి, అడుగున మోచేత్తో ఒక్కటిచ్చి
మూత తిప్పే విద్య తెలిసినవాణ్ణి.
పోయడంలో నా చేతికి ఎముక లేదని పేరు.

దేయుల్ సామ్‌చోక్ నుంచి వచ్చాడు.
వాళ్ళ మేనత్తకు ఎండుచేపల కొట్టుందట.
ఓ కట్ట తెచ్చి వంటగదిలో పెట్టాడు,
"పొద్దున్నే పులుసు కాస్తే తలనొప్పి దిగుతుంది, సీనియర్" అని.

ముప్పై ఒకటి ఆట ఆడాం.
ఒక్కొక్కళ్ళు ఒకటో రెండో మూడో అంకెలు చెప్పుకుంటూ పోవాలి,
ముప్పై ఒకటి ఎవరి నోట పడితే వాళ్ళు తాగాలి.
లెక్కల్లో దిట్ట వాడు.
అయినా ఓడిపోతూనే ఉన్నాడు.
ముందువాళ్ళు కూడబలుక్కున్నాక
లెక్క మాత్రం ఏం చేస్తుంది?

ఆటలో తప్పించుకునే సందు ఒకటుంది.
తాగలేనివాడు "నల్ల రౌతూ!" అని కేకెయ్యొచ్చు.
ఎవరో ఒకరు లేచి వాడి గ్లాసు తాగిపెడతారు.
ఏడోసారో తొమ్మిదోసారో వాడు ఆ మాట అన్నాడు.
కేక కాదు,
పుస్తకం అరువడిగినట్టు అన్నాడు.
చుట్టూ చూసి, చివరికి నా వైపు చూశాడు.
నేను నవ్వుతున్నాను.
దేనికి నవ్వుతున్నానో గుర్తు తెచ్చుకోవాలని
చాలాసార్లు కూర్చున్నాను.
చప్పట్లు మొదలయ్యాయి, చప్పట్లకు లయ కుదిరింది.
ఈసారి గ్లాసు కాదు, అన్నం గిన్నె.
పోసింది నేనే.
వాడు మొహం పక్కకు తిప్పుకుని తాగాడు.
అప్పుడు కూడా.

తర్వాత గురక.
"నిద్రపోయాడ్రా" అన్నారెవరో.
బూట్ల పక్కన వెల్లకిలా పడుకోబెట్టి
కోటు కప్పాం, ఎంతో దయగా.
మూడున్నరకు మంచినీళ్ళకు లేచిన మిన్‌గ్యోల్
గురక వినబడ్డంలేదేంటి, అంది.

లైటు వేస్తే పెదాలు నది రంగులో ఉన్నాయి.
వచ్చినతను మోకాళ్ళ మీద కూర్చుని
రెండు చేతులతో వాడి ఛాతీ నొక్కుతూ
పైకి లెక్కపెట్టాడు:
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై.
ముప్పై ఒకటి అనలేదు.
ఊపిరి ఊది, మళ్ళీ ఒకటి నుంచి.
పొయ్యి మీద ఎవరో ఎప్పుడు పెట్టారో,
చేపల పులుసు మరుగుతోంది.

వాడు చనిపోలేదు.
ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు హమ్మయ్య అంటారు.
నేనూ అన్నాను.

నాలుగేళ్ళ తర్వాత చున్‌చోన్ బస్టాండు పక్కన
రాత్రంతా తెరిచుండే కొట్టులో ఒక సీసా కొనబోతే
కౌంటర్ వెనక వాడు.
నన్ను గుర్తుపట్టి నడుం వంచాడు.
"ఆ రోజు నా వల్ల మీ అందరికీ ఇబ్బంది, సీనియర్.
నాకేమీ గుర్తులేదు. క్షమించండి."
నేను నీళ్ళు నమిలాను.
చిల్లర ఎంచుతూ ఓ నాణెం దగ్గర ఆగి
మళ్ళీ మొదటి నుంచి ఎంచాడు.
నా వెనకాల మనిషి గొంతు సవరించుకున్నాడు.
చిల్లర చాపిన కుడిచేతి కింద
ఎడమ చెయ్యి ఆసరాగా పెట్టాడు.
అది మర్యాదో అవసరమో
నాకు తెలియలేదు.

మొదటిసారి నేనూ
ఒక చిన్నవాడి ముందు రెండు చేతులూ పట్టాను.

బయట చలి.
మూత తిప్పలేదని రాయాలని ఉంది.