కొరుకుడు పడని దారం

మాల్పికా రేవులో చిరిగిన వలల ముందు
పదకొండుమందిమి కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాం.
ముడి వేస్తాం, బిగిస్తాం,
మిగిలిన దారాన్ని పుటుక్కున పంటితో తెంపుతాం.
దొరిందా మాత్రం
దారం కొసని నా మూతి దగ్గరికి చాపేది.

వెనక దంతాలు కరుచుకున్నా
ముందుపళ్ళు కలిసేవి కావు ఆమెకి.
పైవరసకీ కిందివరసకీ మధ్య
వల అల్లే కండె దూరేంత సందు.
అందులోంచి నాలుక తొంగిచూసేది
పొరుగింటి తగాదా వినే మనిషిలా.

చిన్నప్పుడు బొటనవేలు చీకేదట.
తండ్రి పడవ తిరిగిరాని రాత్రుల్లో
ఆ వేలే లంగరు.
ఎనిమిదో ఏట వేలు తీసింది,
ఖాళీ అయిన చోట నాలుక కాపురం పెట్టింది.

ఇరవై రెండేళ్ళు ఆమె దారాలు నేనే తెంపాను.
రొట్టెని పక్కకి తిప్పి దవడతో చీల్చుకునేది.
పెళ్ళి ఫొటోలో కుట్టేసినట్టు పెదాలు.
కసిల్దా అనబోతే
కథిల్దా అని జారేది నా పేరు.
అందరూ నవ్వేవాళ్ళు.
నేను పలికేదాన్ని.

నలభై ఆరో ఏట ఏం తోచిందో
ఆక్టోపస్ బుట్టలకని దాచిన డబ్బు పట్టుకుని
కొరున్యా బస్సెక్కింది.
అక్కడ బ్రీషిదా అనే డాక్టరమ్మ
నోట్లో చిన్న కెమెరా తిప్పి
ఆమె దవడని తెర మీద ఆరేసిందట, తడివలలా.
తీగలు వద్దు, అద్దంలాంటి తొడుగులు చాలు.
ముప్పై ఎనిమిది జతలు.
జతకి పది రోజులు,
రోజుకి ఇరవై రెండు గంటలు.
"ఎముక మాట వింటుంది,
కాకపోతే నిదానంగా వింటుంది" అందట.

పళ్ళ మీద పంటిరంగు బొడిపెలు అంటించారు,
పడవ అడుగున గుల్లలు పట్టినట్టు.
వాటిని పట్టుకునే తొడుగు లాగుతుందట.
కొత్త జత వేసిన రోజు
ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.
నొప్పిని పంటిబిగువున ఓర్చుకోమంటారు,
నొప్పి పళ్ళదే అయితే
దేన్ని బిగబట్టాలి?

ఏడో జత ఫర్రూకో కొట్లో పోయింది.
తినేముందు తీసి కాగితంలో చుట్టి
పళ్ళెం పక్కన పెట్టింది, వాడు ఊడ్చేశాడు.
పదకొండుమందిమీ చెత్తడబ్బా బోర్లించి
సార్డీన్ ముళ్ళ మధ్య వెతికాం.
దొరికింది. పిల్లిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

నాలుకకీ బడి పెట్టారు.
మింగేటప్పుడు పళ్ళని తోయకూడదు,
అంగిలికి ఆనుకుని ఉండాలి.
వల మీదికి వంగి, కళ్ళు మూసుకుని,
ఉత్త ఉమ్మిని వందసార్లు మింగేది.
మొక్కు అనుకున్నారు కొత్తగా వచ్చిన పిల్లలు.

పంతొమ్మిదో జత దాకా నాకేం తేడా కనపడలేదు.
చెప్పలేదు.
ఇరవై ఆరులో సందులోంచి కండె దూరలేదు.
ముప్పై మూడులో గోరు.

ఫిబ్రవరిలో వాన తెరిపిచ్చిన పూట
ఆమె ముడి బిగించింది.
అలవాటు కొద్దీ మూతి ముందుకి చాపాను.
దారం నా వైపు రాలేదు.
పుటుక్.

చప్పుడు చిన్నదే.
పది కండెలు ఆగాయి.

"దారాలు కొరకొద్దంది డాక్టరమ్మ,
సీసా మూతలు కూడా.
ఇదొక్కటే" అంది,
నడుముకున్న సంచిలోంచి కొత్త కత్తెర తీసింది.
రాత్రిపూట తొడుగు ఇంకా ఉంటుందట, బతికినన్నాళ్ళూ.
మానేస్తే పళ్ళు
దారి మరిచిపోని పశువుల్లా
పాతచోటికే నడుస్తాయట.

తెగిన కొసని అరచేతిలో పెట్టుకుని
కాసేపు చూసుకుంది.
తర్వాత పిలిచింది,
"కసిల్దా."
సూదిమొనంత సూటిగా ఉంది ఆ 'స'.

ఎవరినో పిలుస్తోందనుకుని
నేను పలకలేదు.