పళ్ళ లెక్క

గొర్రెను కూర్చోబెట్టడానికి ఒక పద్ధతుంది.
వీపు నా మోకాళ్ళకు ఆనించి
నాలుగు కాళ్ళూ గాల్లోకి లేపితే
పెళ్ళిలో మర్యాద జరగని పెద్దమనిషిలా
అలిగి కూర్చుంటుంది.
బొటనవేలితో కింది పెదవి వంచితే
వయసు బయటపడుతుంది.
రెండు పెద్ద పళ్ళుంటే ఏడాది దాటింది,
నాలుగుంటే రెండేళ్ళు,
ఎనిమిదీ ఉంటే నిండు నోరు.
పుట్టినరోజు కాగితాలు లేని జాతికి
ఇదొక్కటే రుజువు.

వింటన్‌కి ఉత్తరాన తొంభై కిలోమీటర్లు.
గడ్డి తప్ప మరేదీ నిలబడని నేల.
నెరిడా క్విల్టీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంది.
"నాలుగేళ్ళవి, డాక్టర్. నా చేతుల్లో పుట్టాయి.
కొనడానికొచ్చినవాడు నోళ్ళు తెరిచి చూసి
ముసలి సరుకన్నాడు.
అరవై ఏళ్ళొచ్చాక
అబద్ధాలకోరునయ్యాను."

పెదవి వంచాను.
సుద్దముక్కతో అడ్డంగా గీసినట్టు చారలు,
చారల మధ్య కాచు రంగు,
గుంటలు,
చిగురు దాకా అరిగిన అంచులు.
నా బొటనవేలు అక్కడే ఉండిపోయింది.

ఈ నోరు నేనెరుగుదును.

బోరు దగ్గరికి నడిచాం.
కిలోమీటరు లోతు నుంచి సలసల కాగుతూ వస్తాయి నీళ్ళు,
కుళ్ళిన గుడ్డు వాసనతో.
ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారే,
ఈ నీళ్ళు రాతితో
లక్షల ఏళ్ళు కాపురం చేశాయి.
పైకొచ్చి, కాలువలో పడి, మైళ్ళు పాకుతూ
ఎండకు సగం ఆవిరైతే
రాయి మాత్రం ఆవిరవదు.
మూడేళ్ళ కరువులో నెరిడా
పిల్లలను మేపింది కాలువ చివరే.
పచ్చగా ఉన్నది అక్కడే మరి.

నల్లగొండ జిల్లా, మా బడి, ఏడో తరగతి ఫొటో.
"నవ్వండ్రా" అన్నాడు ఫొటో ఆయన.
నలభై ఒక్క మందిమి
నలభై ఒక్క మూసిన నోళ్ళు.
ముందు వరసలో సైదులు,
వాళ్ళన్న మోసుకొచ్చి దించిన చోట,
కాళ్ళు కత్తెరలా.

వాళ్ళమ్మను చూసి ఓటర్ల లిస్టు రాసేటాయన
అడక్కుండానే అరవై అని రాసుకున్నాడు.
"ముప్పై నాలుగే సారూ" అన్నది,
వంగిన నడుం మీది నుంచి
తల ఎత్తలేక అతని చెప్పులతో మాట్లాడుతూ.
ఆయన నవ్వాడు.
కొట్టివేయలేదు.

మా బోరు నీళ్ళు కొబ్బరినీళ్ళంత తేట.
అన్నం తెల్లగా ఉడికేది.
పక్కూరి చుట్టాలు చెంబెడు తాగి
"ఎంత సల్లగున్నయో" అనేవాళ్ళు.

"పెద్దవాటికి చేసేదేం లేదు," అన్నాను.
"మెత్తని మేత పెట్టు, ఉన్నన్నాళ్ళు ఉంటాయి.
పిల్లలను ఈ వైపు రానీకు.
పళ్ళు చిగురులో ఉండగానే రాసేస్తుంది నీళ్ళు,
బయటికొచ్చాక మనం చదువుతామంతే.
కాలువ మూసి పైపు వెయ్యి.
వాననీటి తొట్టి ఒకటి వాటికి వదిలెయ్యి."

"ఒకటి మాకుంది," అంది ఆమె.
"మా తాత కాలం నుంచి మేం తాగేది వాననీళ్ళే."
అని, తను అన్నది తనే విని,
చూపు తిప్పుకుని
కుక్కను ఊరికే ఒకసారి పిలిచింది.

తర్వాత, "ల్యాబ్‌కి పంపకముందే ఎలా తెలిసింది?"
"చదువుకున్నాను," అన్నాను.

ముందరి ఎనిమిది పళ్ళకూ పింగాణీ తొడుగులు నాకు,
బ్రిస్బేన్‌లో, మొదటి ఏడాది జీతం.
అద్దం ముందు ఒంటరిగా నవ్వడం నేర్చుకున్నాను
ముప్పై ఒకటో ఏట.
ఇప్పటికీ జోకు వింటే
ముందు చెయ్యే లేస్తుంది.

శాంపిల్ సీసా మీద తేదీ రాశాను.
గొర్రె వివరాల కాగితంలో
వయసు గడి దగ్గర
పళ్ళను బట్టి, అని అచ్చేసి ఉంది.
ఆ మాట కొట్టేసి
'యజమానురాలు చెప్పినదాన్ని బట్టి: నాలుగు' అని రాసి
కింద సంతకం పెట్టాను,
కాస్త గట్టిగానే.

వదలగానే గొర్రె దులుపుకుని లేచింది,
మా ఇద్దరి మధ్య నుంచి
తిన్నగా కాలువకే పోయి
మోకాళ్ళు వంచి
చప్పుడు చేస్తూ తాగింది.